నిలబడే చలికా, నడిచే చలికా? హిమాలయ ప్రయాణానికి జాకెట్ ఎంచుకోవడం

ట్రెక్ నిర్వాహకులు పంపే సామాన్ల జాబితాలో జాకెట్ గురించి తరచు ఒకే వాక్యం ఉంటుంది: చలికి ఆగే మందపాటి జాకెట్ ఒకటి తెచ్చుకోండి అని. ఆ వాక్యాన్ని పట్టుకుని దుకాణంలోకి వెళ్లినవారికి రెండు వేల రూపాయల సరుకు మొదలు పాతిక వేల సరుకు దాకా ఒకే వరుసలో వేలాడుతూ కనిపిస్తుంది. అన్నీ ఉబ్బుగానే ఉంటాయి, చాలావాటి మీద ఏదో ఒక మైనస్ డిగ్రీల అంకె ఉంటుంది. స్వెట్టర్, శాలువా, మంకీ క్యాప్‌తో చలికాలం గడిచిపోయే ఊళ్లలో పెరిగిన మనకు వీటి మధ్య తేడా చెప్పగలవారు ఇంట్లో పెద్దల్లో కూడా దొరకరు. అందువల్ల ఎక్కువమంది అంకెను చూసి కొంటారు, లేదా ధరను చూసి కొంటారు. ఈ రెండూ సరైన కొలతలు కావు.

మార్కెట్లో దొరికేవాటిని నాలుగు రకాలుగా చూడవచ్చు: ఫ్లీస్ (నూగు లేపిన పాలియెస్టర్ గుడ్డ), సింథటిక్ నింపుడు జాకెట్ (లోపల పాలియెస్టర్ దారాలు), డౌన్ జాకెట్ (లోపల బాతుల మెత్తని నూగు), నడుస్తూ వేసుకోవడానికే తయారైన పలుచని కొత్త రకం. వీటిలో నా మొగ్గు ఎటో ముందే చెప్పడం న్యాయం. హిమాలయాలకు మొదటిసారి వెళుతున్న తెలుగువారిలో ఎక్కువమంది కొనవలసింది తల కప్పే హుడ్ ఉన్న మధ్యస్థ మందపు సింథటిక్ జాకెట్. దాని లోపలికి ఒక ఫ్లీస్, పైకి ఒక రెయిన్ జాకెట్ ఉండాలి. బరువైన డౌన్ జాకెట్ నిజంగా అవసరమయ్యే ప్రయాణం ఎదురైనప్పుడు దాన్ని అద్దెకు తీసుకోవడం మేలు. ఏటా మంచులోకి వెళ్లేవారి సంగతి వేరు, వారికి డౌన్ మీద పెట్టిన డబ్బు వృథా కాదు. ఈ అభిప్రాయానికి కారణాలేమిటో, అది ఎవరికి వర్తించదో కింద వివరిస్తాను.

## జాకెట్ వేడిని పుట్టించదు

వేడి పుట్టేది ఒంట్లోనే. జాకెట్ ఆ వేడి బయటికి పోయే వేగాన్ని తగ్గిస్తుంది, అంతే. ఈ పని చేసేది నిజానికి గుడ్డ గాని, ఈకలు గాని, దారాలు గాని కావు. వాటి సందుల్లో కదలకుండా నిలిచిపోయిన గాలే ఆ పని చేస్తుంది. కొత్తగా ఏకి కుట్టిన దూది పరుపు పాత అణగారిన పరుపు కన్నా వెచ్చగా ఎందుకు ఉంటుందో తెలిసినవారికి జాకెట్ శాస్త్రంలో సగం తెలిసినట్టే: దూది బరువు అంతే ఉన్నా, దానిలో నిలిచిన గాలి ఎక్కువ. ఉబ్బు తగ్గితే వెచ్చదనం తగ్గుతుంది. ఉబ్బును తగ్గించే ప్రతిదీ, అంటే తడి, ఒత్తిడి, బిగుతైన పై జాకెట్, బ్యాగు పట్టీలు, అన్నీ వెచ్చదనానికి శత్రువులే.

ఇక ఒంట్లో పుట్టే వేడి ఎప్పుడూ ఒకేలా ఉండదు. కదలకుండా కూర్చున్న మనిషి శరీరం సుమారు 100 వాట్ల వేడిని విడుదల చేస్తుంది. బ్యాగు మోస్తూ ఎక్కుడు దారిలో నడిచేటప్పుడు అది అయిదారు రెట్లు అవుతుంది. కాబట్టి టెంట్ ముందు నిలబడి టీ తాగడానికి సరిపోయే జాకెట్‌ను వేసుకుని కొండ ఎక్కితే పావుగంటలో లోపలి బట్టలన్నీ చెమటతో తడుస్తాయి. నీరు గాలి కన్నా సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది గనుక, ఆగిన మరుక్షణం ఆ తడి బట్టలే వణుకు పుట్టిస్తాయి. చలి ప్రదేశాల్లో కొత్తవారు పడే బాధలో పెద్ద భాగం ఇలా చెమటతో మొదలవుతుంది. వారి దగ్గర జాకెట్ లేక కాదు, ఉన్న జాకెట్‌ను విప్పవలసిన సమయంలో విప్పక.

అందుకని మొదట వేసుకోవలసిన ప్రశ్న "ఎన్ని డిగ్రీల చలి?" అన్నది కాదు. "ఈ జాకెట్ నా ఒంటి మీద ఉండేది నేను కదులుతున్నప్పుడా, ఆగినప్పుడా?" అన్నది.

## ఏ కొలతలతో చూడాలి

కదలిక తరువాత చూడవలసింది తడి. తడి అంటే వర్షం ఒక్కటే అనుకోకూడదు. సున్నా డిగ్రీల దగ్గర పడే మెత్తని మంచు ఒంటి వేడికి కరిగి నీరవుతుంది, టెంట్ లోపలి గోడల మీద మన ఊపిరే నీటి బొట్లుగా పేరుకుని భుజాల మీద రాలుతుంది. మైనస్ 10 కన్నా కిందికి దిగిన పొడి చలిలో మాత్రం మంచు పిండిలా రాలిపోతుంది, విదిలిస్తే చాలు. ఈ కారణంగా అతి చల్లని చోటు కన్నా ఒక మాదిరి చల్లని చోటే జాకెట్‌కు పెద్ద పరీక్ష పెడుతుంది.

గాలి మూడోది. మైనస్ 10 డిగ్రీల దగ్గర గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే, బయటపడి ఉన్న చర్మానికి అది సుమారు మైనస్ 20 లాగా తగులుతుంది. శిఖరం మీద, కనుమ మీద నిలబడేవారికి ఇది పుస్తకాల్లోని లెక్క కాదు. ఎంత మంచి నింపుడు ఉన్నా పై గుడ్డ గాలిని ఆపకపోతే లోపల నిలిచిన గాలి నిలవదు.

బరువు, మడిస్తే పట్టే చోటు నాలుగోది. సామాన్లు కంచరగాడిద మీద పంపించేవారికి ఇది పెద్ద విషయం కాదు. కాని హైదరాబాద్ నుంచి డెహ్రాడూన్‌కు విమానంలో సాధారణంగా దొరికే 15 కిలోల పరిమితిలో అన్నీ సర్దుకుని, ట్రెక్ అంతా బ్యాగు తామే మోయదలచినవారికి 400 గ్రాముల తేడా కూడా తెలుస్తుంది.

అయిదోది ఇంగ్లిష్ సమీక్షల్లో దాదాపు కనబడదు, మనకు మాత్రం చాలా ముఖ్యం: ట్రెక్ అయిపోయాక జాకెట్ మన ఇంట్లో ఎలా బతుకుతుంది? పదకొండు నెలలు అది ఉండేది విశాఖపట్నం ఉప్పుగాలిలోనో, కాకినాడ ఉక్కపోతలోనో, హైదరాబాద్ ఫ్లాట్‌లోని అటక మీదనో. ఉతకడానికి, ఆరబెట్టడానికి మన ఇళ్లలో ఉన్న సదుపాయం దండెం ఒక్కటే. కొన్ని జాకెట్లు దానికి ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు.

ధర అన్నింటికన్నా చివర.

జాకెట్ మీద అచ్చువేసిన ఉష్ణోగ్రత అంకె గురించి కూడా ఇక్కడే చెప్పాలి. స్లీపింగ్ బ్యాగులకు ఐఎస్ఓ 23537 అనే ప్రామాణిక పరీక్ష ఉంది. వేడి పుట్టించే బొమ్మను లోపల ఉంచి కొలుస్తారు, సగటు స్త్రీకి హాయిగా ఉండే ఉష్ణోగ్రతను, సగటు పురుషుడు తట్టుకోగల హద్దును విడివిడిగా చెబుతారు. ట్రెక్ జాకెట్లకు అన్ని కంపెనీలూ ఒకేలా పాటించే అటువంటి పరీక్ష లేదు. ఒక కంపెనీ మైనస్ 10 అంటే చురుకుగా నడుస్తున్నవారికి అని అర్థం కావచ్చు, మరో కంపెనీకి లోపల మరో రెండు పొరలు ఉన్నవారికి అని అర్థం కావచ్చు. ఒకే కంపెనీ జాకెట్లను తమలో తాము పోల్చడానికి ఆ అంకె పనికివస్తుంది గాని, రెండు కంపెనీల మధ్య పనికిరాదు.

## వెళ్లే చోటు ఎంత చల్లన

ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుందన్నది గుర్తుంచుకోవలసిన మొదటి లెక్క. డెహ్రాడూన్ దాదాపు 640 మీటర్ల ఎత్తులో ఉంది, ఉత్తరాఖండ్‌లోనే ఉన్న ట్రెక్ శిఖరం కేదార్‌కంఠ సుమారు 3,800 మీటర్లు. అంటే ఎత్తు ఒక్కటే 20 డిగ్రీల తేడా తెస్తుంది. జనవరి తెల్లవారుజామున డెహ్రాడూన్‌లో 6 డిగ్రీలు ఉంటే శిఖరం మీద మైనస్ 14 ప్రాంతంలో ఉంటుందని ఊహించుకుని సిద్ధపడటం తప్పు కాదు. ఆ రోజు వాతావరణాన్ని బట్టి అంకె మారుతుంది, కాని సిద్ధపడవలసిన స్థాయి ఇది.

తెలుగువారు ఎక్కువగా వెళ్లే మరికొన్ని చోట్లను ఇదే దృష్టితో చూద్దాం. కేదార్‌నాథ్ 3,583 మీటర్లు. గౌరీకుండ్ నుంచి సుమారు 16 కిలోమీటర్ల ఎక్కుడు, మే, జూన్‌లలో కూడా మధ్యాహ్నం దాటాక వాన, వడగళ్లు. అమర్‌నాథ్ గుహ 3,888 మీటర్లు, యాత్ర జరిగేది వానాకాలంలో. ఈ రెండు చోట్లా చలి కన్నా తడి పెద్ద సమస్య. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ 5,364 మీటర్లు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఆకాశం చాలావరకు తేటగా ఉంటుంది, రాత్రి మైనస్ 10 దాటడం మామూలే. గడ్డకట్టిన జాంస్కార్ నది మీద జనవరిలో నడిచే చాదర్ ట్రెక్‌లో రాత్రిళ్లు మైనస్ 20 కిందికి పోతాయి, గాలి మాత్రం ఎండిపోయినంత పొడిగా ఉంటుంది. మన లంబసింగి దాదాపు 1,000 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ తెల్లవారుజామున సున్నా దగ్గరికి దిగినా, ఎండ ఎక్కగానే స్వెట్టర్ కూడా బరువనిపిస్తుంది.

## ఫ్లీస్

పాలియెస్టర్ దారాలను దువ్వి నూగు లేపిన గుడ్డ ఇది. నాలుగు రకాల్లో అతి చవక, అతి మొండిది. వెయ్యి రూపాయల అటూ ఇటూ మంచిదే దొరుకుతుంది. చెమటను బయటికి పోనిస్తుంది, తడిసినా పిండి విదిలిస్తే త్వరగా ఆరుతుంది, వాషింగ్ మెషీన్‌లో వేసినా ఏమీ కాదు. దీని లోపాలు రెండు: గాలి సూటిగా దూరిపోతుంది, వెచ్చదనానికి తగినంత కన్నా బరువూ చోటూ ఎక్కువ. అందువల్ల హిమాలయాల్లో దీన్ని ఒంటరి జాకెట్‌గా నమ్ముకోకూడదు, కాని లోపలి పొరగా దీనికి సాటి లేదు. నడిచేటప్పుడు థర్మల్ మీద ఫ్లీస్, గాలి లేస్తే దాని మీద పలుచని విండ్‌చీటర్: మైనస్ 5 దాకా నడకకు చాలామందికి ఇదే చాలు.

లంబసింగి, వంజంగి, ఆదిలాబాద్ అడవులు, ఊటీ, మున్నార్ వరకే వెళ్లేవారు ఈ విభాగం దగ్గరే ఆగిపోవచ్చు. ఫ్లీస్, విండ్‌చీటర్, చెవులు మూసే టోపీ ఉంటే ఇంకేమీ కొననవసరం లేదు.

## సింథటిక్ నింపుడు జాకెట్

పలుచని నైలాన్ గాని పాలియెస్టర్ గాని పైనా కిందా ఉండి, మధ్యలో సన్నని పాలియెస్టర్ దారాల పరుపు ఉండేది ఈ రకం. 1980లలో అమెరికా సైన్యం, తడిసినా వెచ్చదనం పోని పదార్థం డౌన్‌కు బదులుగా కావాలని కోరినప్పుడు ఆల్బనీ ఇంటర్నేషనల్ అనే కంపెనీ తయారుచేసిన ప్రైమాలాఫ్ట్ ఈ కోవలో పేరుపొందింది. ఇప్పుడు చాలా కంపెనీలకు సొంత నింపుళ్లు ఉన్నాయి.

ఈ జాకెట్ బలమంతా ఆ పుట్టుకలోనే ఉంది. పాలియెస్టర్ దారం నీటిని దాదాపు పీల్చుకోదు గనుక, జాకెట్ తడిసినా దారాలు పూర్తిగా అణిగిపోవు. చెమటతో తడిసిన ఫ్లీస్ మీద దీన్ని వేసుకుని కూర్చుంటే, ఒంటి వేడికి ఆ తడి మెల్లగా బయటికి పోతుంది, జాకెట్ మాత్రం ఉబ్బుగానే ఉంటుంది. కేదార్‌నాథ్ దారిలో రాంబాడా దాటాక వాన మొదలై, ఆగి, మళ్లీ మొదలయ్యే రోజున ఈ గుణం విలువ తెలుస్తుంది. ఇంటికి వచ్చాక మామూలుగా ఉతికి నీడన దండెం మీద వేస్తే చాలు. తెలిసినవారు అడిగితే నేను ముందు దీని పేరే చెప్పడానికి ప్రధాన కారణం ఈ క్షమాగుణం. కొత్తవారు చేయగల పొరపాట్లను ఇది భరిస్తుంది.

దీనికి చెల్లించే మూల్యం బరువు. అంతే వెచ్చదనం ఇచ్చే మంచి డౌన్ జాకెట్ కన్నా ఇది బరువుగా ఉంటుంది, మడిచినా బ్యాగులో ఎక్కువ చోటు తింటుంది. మరొకటి ఆయుష్షు. కూరి తీసి, కూరి తీసి కొన్నేళ్లకు దారాలు నలిగి పలచబడతాయి, ఒకసారి పోయిన ఉబ్బు తిరిగి రాదు. ఏటా చాలా రోజులు మంచులో ఉండేవారు దీన్ని మూడు నాలుగు సీజన్లకే మార్చవలసి రావచ్చు. రెండేళ్లకు ఒకసారి వెళ్లేవారికి అంత త్వరగా ఆ అవసరం రాదు.

## డౌన్ జాకెట్

బాతులకు, పెద్దబాతులకు రొమ్ము దగ్గర పై ఈకల కింద ఉండే మెత్తని నూగే డౌన్. దీనికి ఈక కాడ ఉండదు, ఒక్కో పోగు అన్ని వైపులకూ విచ్చుకుని తన బరువుకు మించిన గాలిని పట్టి ఉంచుతుంది. 1922 ఎవరెస్ట్ యాత్రకు పర్వతారోహకుడు జార్జ్ ఫించ్ బెలూన్ గుడ్డలో ఐడర్ బాతు నూగు నింపించి కుట్టించుకున్న కోటు ఈ తరహాకు తొలి ఉదాహరణల్లో ఒకటి. ఉన్ని కోట్లు వేసుకుని మొదట దాన్ని చూసి నవ్విన సహచరులే తరువాత చలిలో అసూయపడ్డారు. ఒక శతాబ్దం గడిచినా బరువుకు తగ్గ వెచ్చదనంలో దీన్ని మించిన నింపుడు సామాన్య వాడుకలోకి రాలేదు. ఎనిమిది వేల మీటర్ల శిఖరాలు ఎక్కేవారు ఇప్పటికీ డౌన్ సూట్లే వేసుకుంటారు.

డౌన్ కొనేటప్పుడు అందరూ అడిగేది ఫిల్ పవర్. ఒక ఔన్సు, అంటే సుమారు 28 గ్రాముల నూగు ఎన్ని ఘనపు అంగుళాలు ఆక్రమిస్తుందో చెప్పే అంకె అది. 550 సాధారణం, 800 ఆ పైన మేలు రకం. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఫిల్ పవర్ నూగు నాణ్యతను చెబుతుంది, జాకెట్ వెచ్చదనాన్ని చెప్పదు. దానికి నూగు బరువు కూడా కావాలి. 800 ఫిల్ పవర్ నూగు 100 గ్రాములు ఉన్న జాకెట్‌లో మొత్తం ఉబ్బు సుమారు 2,800 ఘనపు అంగుళాలు. 600 ఫిల్ పవర్ నూగు 200 గ్రాములు ఉన్నదానిలో సుమారు 4,200. చవకైన రెండోదే ఎక్కువ వెచ్చన, కాకపోతే బరువు కొంత ఎక్కువ. నూగు బరువు చెప్పని జాకెట్‌ను 800 అన్న అంకె మాత్రమే చూసి కొనడం, గది వైశాల్యం అడగకుండా గచ్చు రాయి పేరు చూసి ఇల్లు కొనడంతో సమానమైన పని.

కుట్టు కూడా చూడాలి. తక్కువ ధర జాకెట్లలో పై గుడ్డనూ లోపలి గుడ్డనూ కలిపి ఒకే కుట్టు వేస్తారు. ఆ గీత పొడవునా నూగు ఉండదు, అక్కడ చలి దూరుతుంది. బరువైన జాకెట్లలో రెండు గుడ్డల మధ్య చిన్న అడ్డుగోడలు పెట్టి గదులుగా చేస్తారు, అందులో చలి గీతలు ఉండవు. మైనస్ 10 దాకా మొదటి రకం సరిపోతుంది, చాదర్ వంటి చోట్లకు రెండోది కావాలి.

డౌన్ బలహీనత నీరు. తడిసిన నూగు ముద్దకట్టి గుడ్డకు అంటుకుపోతుంది, ఉబ్బు పోతుంది, ట్రెక్‌లో దాన్ని మళ్లీ ఆరబెట్టడం దాదాపు అసాధ్యం. నీటిని వికర్షించే పూత పూసిన నూగు ఇప్పుడు దొరుకుతోంది. అది తేమను కొంత సేపు ఆపుతుంది, వానలో నిలబెట్టదు. పై గుడ్డ మెరిసేంత పలుచన కావడం మరో ఇబ్బంది. చలిమంట దగ్గర ఎగిరిన ఒక్క నిప్పురవ్వ చాలు, రంధ్రం పడి నూగు ఎగిరిపోతుంటుంది. లడఖ్ ఇళ్లలోని బుఖారీ పొయ్యి గొట్టానికి మోచేయి తగిలినా అంతే.

పక్షుల నుంచి నూగు ఎలా తీశారన్నది కూడా పట్టించుకోవలసిన విషయమే. బతికి ఉన్న పక్షుల నుంచి పీకడాన్ని నిషేధించే రెస్పాన్సిబుల్ డౌన్ స్టాండర్డ్ 2014లో మొదలైంది. దాని గుర్తు జాకెట్ చీటీ మీద ఉందేమో చూడవచ్చు. శాకాహార నియమం వల్లనో, యాత్రా నియమం వల్లనో జంతు సంబంధమైనది వేసుకోదలచనివారు సింథటిక్‌కే మొగ్గు చూపాలి. వెచ్చదనంలో వారు నష్టపోయేది లేదు, మోసే బరువు కొంత పెరుగుతుంది.

## చెమట పోనిచ్చే కొత్త రకం

పోలార్‌టెక్ ఆల్ఫా వంటి నింపుళ్లతో వచ్చే ఈ జాకెట్లు ఫ్లీస్‌కూ సింథటిక్‌కూ మధ్యన నిలుస్తాయి. ఎక్కుతున్నప్పుడూ ఆగినప్పుడూ విప్పకుండా ఉండటం వీటి ఉద్దేశం. కొండల్లో పరుగెత్తేవారికి, మంచు మీద స్కీలతో ఎక్కేవారికి బాగా పనికివస్తాయి. మన దుకాణాల్లో తక్కువగా కనిపిస్తాయి, ధర కూడా ఎక్కువే. సాధారణ ట్రెక్ నడకకు ఫ్లీస్, విండ్‌చీటర్ జోడీ దాదాపు అదే పని చేస్తుంది గనుక వీటి మీద ఎక్కువ ఆలోచించనవసరం లేదు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| చూడవలసింది | ఫ్లీస్ | సింథటిక్ | డౌన్ | కొత్త రకం |
|---|---|---|---|---|
| నడుస్తూ వేసుకోవడం | చాలా బాగుంటుంది | తీవ్రమైన చలిలో మాత్రమే | పనికిరాదు | అన్నింటికన్నా మేలు |
| ఆగినప్పుడు వెచ్చదనం | తక్కువ | మంచిది | అన్నింటికన్నా మేలు | ఒక మాదిరి |
| తడిసినప్పుడు | త్వరగా ఆరుతుంది | చాలావరకు నిలబడుతుంది | ముద్దకడుతుంది | త్వరగా ఆరుతుంది |
| గాలికి | ఆగదు | ఆగుతుంది | ఆగుతుంది | కొంతే ఆగుతుంది |
| బ్యాగులో పట్టే చోటు | ఎక్కువ | ఎక్కువ | చాలా తక్కువ | తక్కువ |
| ఇంట్లో ఉతకడం | సులువు | సులువు | కష్టం | సులువు |
| జాగ్రత్తగా వాడితే ఆయుష్షు | చాలా ఏళ్లు | కొన్నేళ్లు | పదేళ్లు, ఆ పైన | కొన్నేళ్లు |
| ధర | అతి తక్కువ | మధ్యస్థం | ఎక్కువ | ఎక్కువ |

## ఎవరికి ఏది

డిసెంబరు, జనవరిల్లో కేదార్‌కంఠ లేదా ఉత్తరాఖండ్‌లోనే ఉన్న బ్రహ్మతాల్ ట్రెక్‌కు మొదటిసారి వెళ్లేవారిది నిజమైన సందిగ్ధం. అక్కడి చలి డౌన్‌కు తగినదే, శిఖరానికి బయలుదేరేది తెల్లవారడానికి చాలా ముందే. అయితే అక్కడి నడకలో డౌన్ ఒంటి మీద ఉండేది క్యాంపులో సాయంత్రం నుంచి నిద్ర దాకా, శిఖరం మీద కొద్దిసేపు, అంతే. మళ్లీ వెళతారో లేదో తెలియనివారు సింథటిక్ కొనుక్కుని, లోపల ఫ్లీస్ వేసుకుంటే ఆ సమయం హాయిగా గడుస్తుంది. చలికి త్వరగా వణికే స్వభావం ఉన్నవారు, యాభై దాటినవారు, సన్నగా ఉన్నవారు కేదార్‌కంఠ నడక మొదలయ్యే సాంక్రి ఊళ్లోనో నిర్వాహకుల దగ్గరో ఒక డౌన్ అద్దెకు తీసుకుని సింథటిక్‌ను ఇంట్లో వదిలేయవచ్చు. అద్దె జాకెట్‌ను తీసుకునేటప్పుడు జిప్ చివరిదాకా పోతుందా, నూగు మూలల్లో ముద్దకట్టిందా అన్నవి వెలుతురుకు ఎత్తి పట్టి చూడాలి. ముందుగా చెప్పి ఉంచకపోతే రద్దీ రోజుల్లో మన కొలతకు దొరకకపోవచ్చు.

కేదార్‌నాథ్, అమర్‌నాథ్ యాత్రికులకు సందిగ్ధమే అక్కర్లేదు. సింథటిక్, దాని మీద నిజమైన రెయిన్ జాకెట్. ఇంట్లో పెద్దవాళ్లను తీసుకువెళుతున్నవారు వారి జాకెట్ మీద ఇంకొంచెం ఖర్చు పెట్టాలి. గుర్రం మీద, డోలీ మీద వెళ్లే మనిషి నడవడు గనుక వేడి పుట్టదు, పక్కన నడుస్తున్న కొడుకుకు చెమట పడుతున్న దారిలోనే తల్లి వణుకుతుంటుంది. ఒకే రకం జాకెట్లు ఇద్దరికీ కొనడం సరికాదు. ఆమెకు మందపాటిది, తొడల దాకా వచ్చేది కావాలి.

ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కు, అన్నపూర్ణ వైపుకు శరదృతువులో వెళ్లేవారికి నేను డౌన్ చెబుతాను. పొడి చలి, ఎక్కువ రోజులు, రాత్రి బస లాడ్జీల్లో, బరువు తగ్గితే ఊపిరికి సుఖం: అన్నీ డౌన్ వైపే నిలుస్తాయి. కాఠ్మాండూలోని తమెల్ వీధుల్లో పెద్ద కంపెనీల పేర్లు కుట్టిన జాకెట్లు చవకగా దొరుకుతాయి, వాటిలో చాలావరకు నకళ్లు. అవన్నీ పనికిరానివని అనను గాని, అక్కడి అద్దె దుకాణాల్లో చేతితో పట్టి చూసి ఉబ్బుగా ఉన్న డౌన్ తీసుకోవడం నకలు కొనడం కన్నా నమ్మకమైన పని. చాదర్‌కు వెళ్లేవారు మాత్రం గదుల కుట్టు ఉన్న బరువైన డౌన్ లేకుండా బయలుదేరకూడదు. లేహ్‌లో అద్దెకు దొరుకుతాయి.

ఏటా శీతకాలంలో మంచులోకి వెళ్లేవారికి, ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలోనో డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లోనో కోర్సులు చేసి ఎత్తైన శిఖరాల వైపు చూస్తున్నవారికి రెండూ అవసరమవుతాయి: నడకలో విరామాలకు పలుచని సింథటిక్, క్యాంపుకు హుడ్ ఉన్న డౌన్. పదేళ్ల మీద లెక్క వేస్తే మంచి డౌన్ ధర భారం అనిపించదు.

చదువు కోసం షికాగో, మినియాపోలిస్ వంటి చోట్లకు వెళుతున్న మన పిల్లలకు ట్రెక్ జాకెట్ సరైన కొనుగోలు కాదు. వారిది బస్ స్టాప్‌లో నిలబడే చలి, తొడలను కప్పే పార్కా అనే పొడవాటి కోటు కావాలి. అక్కడి చలికి తగినవి అక్కడి దుకాణాల్లోనే సులువుగా దొరుకుతాయి. ప్రయాణానికి, మొదటి వారానికి సరిపోయే ఫ్లీస్, సింథటిక్ తీసుకువెళితే చాలు.

## దుకాణంలో చేయవలసిన పరీక్ష

థర్మల్, ఫ్లీస్ వేసుకుని, లేదా సంచిలో పట్టుకుని దుకాణానికి వెళ్లాలి. హైదరాబాద్ వేడిలో ఒక్క టీషర్ట్ మీద వేసి చూసుకున్న జాకెట్ సాంక్రిలో బిగుతవుతుంది. బిగుతైతే ఉబ్బు అణిగి, వేలకు వేలు పోసి కొన్న గాలి బయటికి పోయినట్టే. రెండు చేతులూ పైకెత్తినప్పుడు నడుము బయటపడకూడదు. హుడ్ ఉన్ని టోపీ మీదుగా కూడా రావాలి, తల తిప్పితే కళ్లకు అడ్డం పడకూడదు. జిప్ వెనక గుడ్డ పట్టీ ఉండాలి, లేకపోతే గాలి ఆ గీత వెంటే లోపలికి వస్తుంది. చేతి తొడుగులు వేసుకుని జిప్ లాగి చూడాలి, చలికి వేళ్లు మొద్దుబారినప్పుడు చిన్న జిప్ ముక్క దొరకదు.

ఉబ్బుగా ఉన్నదంతా డౌన్ కాదు. లోపలి చీటీ మీద నింపుడు ఏమిటో చదవాలి. పాలియెస్టర్ అని ఉంటే అది సింథటిక్, డౌన్ 80, ఫెదర్ 20 అని ఉంటే అయిదింట నాలుగు వంతులు నూగు. 90, 10 ఇంకా మేలు. రెండు వేళ్లతో నొక్కినప్పుడు గట్టి పుల్లలు చాలా తగులుతుంటే అందులో ఈకలే ఎక్కువ. పిడికిట్లో నలిపి వదిలి చూస్తే మంచి నూగు క్షణాల్లో లేచి నిలుస్తుంది. అయిదారు వేలకు తక్కువ ధరకు డౌన్ అని అమ్ముతున్నది కనిపిస్తే ఈ పరీక్షలన్నీ మరీ జాగ్రత్తగా చేయాలి.

## ఇంటికి తెచ్చాక

ట్రెక్ నుంచి వచ్చిన రోజే జాకెట్‌ను సంచిలోంచి తీసి ఒక రోజంతా ఫ్యాన్ కింద వేలాడదీయాలి. సింథటిక్‌ను తక్కువ సబ్బుతో, బట్టల మెత్తదనం కోసం పోసే కండిషనర్ లేకుండా ఉతకాలి. డౌన్‌ను వీలైనంత తక్కువసార్లు ఉతకడం మంచిది. మెడ పట్టీ, మణికట్టు దగ్గరి మురికిని తడిగుడ్డతో తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది. తప్పనిసరి అయితే డౌన్‌కు ప్రత్యేకమైన సబ్బు వాడి, డ్రయ్యర్ ఉన్న లాండ్రీలో తక్కువ వేడి మీద రెండు మూడు టెన్నిస్ బంతులతో కలిపి ఆరబెట్టించాలి, బంతులు ముద్దలను విడగొడతాయి. దండెం మీద ఆరేసిన తడి డౌన్ మన ఉక్కలో రోజుల తరబడి ఆరదు, వాసన పడుతుంది. డ్రయ్యర్ ఉన్న లాండ్రీ దగ్గరలో లేని ఊరివారు డౌన్ కొనే ముందు ఈ సంగతి ఆలోచించుకోవాలి.

నిల్వ చేసేటప్పుడు ఏ జాకెట్‌నూ దానితో వచ్చిన చిన్న సంచిలో కూరి ఉంచకూడదు. పాత దిండు గలీబులో వదులుగా పెట్టి, రెండు సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలంలో ఒకసారి, దసరా తరువాత ఎండ కాచే రోజున మరొకసారి బయటికి తీసి నీడలో గాలి పోసుకోనివ్వాలి.